గది కొలిచి లెన్సు కొనండి

మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి వైపు నేడు కెమేరా లేని మనిషంటూ లేడు. జేబులో ఫోనుంటే కెమేరా వున్నట్టే గదా! పాపాయి బోర్లాపడితే నలభై ఫొటోలు, కూర్చుంటే అరవై, అన్నప్రాసననాడు ఆరు వందలు. మన తాతముత్తాతల కాలంలో వూరంతటికీ కలిపినా యిన్ని ఫొటోలు వుండేవి కావు. అయినా ఒక చిత్రం చూడండి. ఇంట్లో పెద్దవారు కాలం చేసి, గోడకు పెట్టుకోవడానికి మంచి ఫొటో ఒకటి కావలసివస్తే, ఆ వేల ఫొటోలలో ఒక్కటీ పనికిరాదు. చివరకు ఆధారు కార్డు మీది బొమ్మనో, యెవరి పెళ్లిలోనో తీసిన గుంపు ఫొటోలోంచి కత్తిరించిన ముఖాన్నో పెద్దది చేయించి దండ వేస్తాము. ఆ పెద్దావిడ భుజం మీద యెవరిదో చెయ్యి మాత్రం మిగిలిపోయి వుంటుంది. కొన్నేళ్లు పోయాక ఆ చెయ్యి యెవరిదో కూడా యెవరికీ గుర్తుండదు.

ఫొటోలు లేక కాదు యీ యిబ్బంది. ముఖం సరిగా కనబడే ఫొటో లేక. అందుకని యీ వారం లెన్సు సంగతి మాట్లాడుకుందాం. తెలుగు పాఠాలు చెప్పుకునే మనిషికి లెన్సుల గొడవ యెందుకంటారా? ఇంట్లో ఫొటోలు తీసే పని నెత్తిన పడ్డవారికి వంట నేర్చుకున్నట్టే యిదీ నేర్చుకోక తప్పదు.

మొన్న మా ఆడబిడ్డ కొడుకు వచ్చాడు. రాయదుర్గం వైపు వుద్యోగం, కొండాపూరులో రెండు పడగ్గదుల ఫ్లాటు, యెనిమిది నెలల పాప. మునిమనుమరాలిని చూసుకుంటూ మా అత్తగారు ప్రస్తుతం అక్కడే వుంటున్నారు.

“అత్తయ్యా, నలభై వేలు పెట్టి పెద్ద జూం లెన్సు కొందామనుకుంటున్నాను. నువ్వేమంటావు?” అన్నాడు.

“ఇప్పుడున్నదానికేమొచ్చిందిరా?”

“అమ్మమ్మా పాపా కలిసి వున్న ఫొటో ఒక్కటీ కుదరడం లేదు. అన్నీ అలికినట్టు వస్తున్నాయి. ఫ్లాషు వేస్తే అమ్మమ్మ కళ్లు మూసుకుంటుంది, పాప యేడుస్తుంది.”

“పొద్దున్న వెలుతురులో తియ్యరాదూ?”

“పొద్దున్న యెనిమిదికల్లా నేను బయల్దేరాలి. తిరిగొచ్చేసరికి యేడున్నర. నేను వాళ్లిద్దర్నీ చూసేదే లైట్లు వేశాక!”

ఈ చివరి మాటలో వుంది అసలు సంగతంతా. 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. ఆ తరువాతి పాతికేళ్ల పైచిలుకులో ఆ రాళ్లగుట్టల నడుమ ఒక పట్నమే లేచింది. ఆ పట్నంలో చాలా సంసారాలు దీపాలు పెట్టాకనే ఒకచోట చేరుతాయి. అలాంటి యింటికి కావలసింది దూరాన వున్నదాన్ని దగ్గరకు లాగే లెన్సు కాదు. చిన్న గదిలో, కొద్దిపాటి వెలుతురులో, మనిషి ముఖాన్ని పట్టుకోగల లెన్సు కావాలి. అదృష్టమేమంటే లెన్సులలోకెల్లా చవకైన వాటిలో అది ఒకటి. దానినే స్టాండర్డు ప్రైమ్ లెన్సు అంటారు.

పేరు చూసి బెదరకండి. లెన్సుని మన పాఠ్యపుస్తకాలు కటకం అన్నాయి. కటకమంటే కంకణమనీ, సైన్యం విడిసిన చోటనీ, రాజధాని అనీ కూడా అర్థాలున్నాయి. ఒడిశాలోని కటక్ పట్నం పేరు ఆ మాటే. ఇక చాలా దూరంలో వున్న వస్తువు బింబం స్పష్టంగా పడాలంటే కటకానికీ తెరకూ మధ్య యెంత దూరం కావాలో, దాని పేరు నాభ్యంతరం. పదో తరగతిలో అందరమూ చదివినదే. పరీక్ష కాగానే మరిచినదే. కెమేరాతోబాటు వచ్చే లెన్సు మీద 18-55 అని వుంటుంది చూడండి, అది 18 నుంచి 55 మిల్లీమీటర్ల వరకు నాభ్యంతరాన్ని మార్చుకోగలదన్నమాట. ఇలా మార్చుకునేది జూం. మార్పు లేకుండా ఒక్క నాభ్యంతరమే గలది ప్రైమ్. 35 మి.మీ. ఫిలిం వాడే ఫొటో కెమేరాలకు మొదటి జూం లెన్సు వచ్చింది 1959లో, ఫోక్ట్‌లెండర్ వారి జూమార్. కాబట్టి మన అమ్మమ్మల నాటి పెళ్లి ఫొటోలు తీసినవి ప్రైమ్ లెన్సులే. ఇది కొత్త వేషమేమీ కాదు, పాత చుట్టమే.

ఇప్పుడు వెలుతురు లెక్క చూద్దాం. ప్రతి లెన్సు మీదా ‘ఎఫ్’ అనే గుర్తు పక్కన ఒక అంకె వుంటుంది. నాభ్యంతరాన్ని లెన్సు ద్వారపు వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఆ అంకె. భాగహారం కనుక, అంకె చిన్నదైనకొద్దీ ద్వారం పెద్దది. 18-55 లెన్సుని చివరిదాకా తిప్పితే దాని ద్వారం ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది. 50 మి.మీ. దగ్గర అది తొమ్మిది మిల్లీమీటర్లు, చొక్కా బొత్తాము కంటె చిన్నది. చవకైన 50 మి.మీ. ప్రైమ్ లెన్సు ఎఫ్ 1.8 వరకు తెరుచుకుంటుంది. అంటె యిరవై యెనిమిది మిల్లీమీటర్లు, దాదాపు పది రూపాయల బిళ్లంత. వైశాల్యాలు లెక్కగడితే వెలుతురు పదింతలకు కాస్త తక్కువగా వస్తుంది. సన్నమూతి చెంబుతో గంగాళం నింపడానికీ బిందెతో నింపడానికీ వున్న తేడా యిదే. చెంబుతో నింపేవారు యెక్కువసేపు పోయాలి. ఆ సేపంతా పాప కదలకుండా కూర్చోవాలి. పాత లెన్సుతో సెకనులో పదోవంతు సేపు పట్టే ఫొటో కొత్తదానితో సుమారు వందోవంతులో అయిపోతుంది. పదోవంతులో పాప తల తిప్పేస్తుంది, పెద్దావిడ రెప్ప వేస్తుంది. వందోవంతులో యిద్దరూ దొరుకుతారు.

“మరి స్టాండర్డు అనడమెందుకు?” అని అడగవచ్చు. ఫిలిం చట్రం వెడల్పు 36 మి.మీ., యెత్తు 24. దాని కర్ణం సుమారు 43. నాభ్యంతరం యీ కర్ణానికి దగ్గరగా వుంటే, ఫొటోలో మనుషుల సైజులూ మధ్య దూరాలూ మనం కంటితో చూసుకున్నట్టే సహజంగా అనిపిస్తాయి. 1925లో జర్మనీలో లైకా కెమేరా అమ్మకానికి వచ్చినప్పుడు దానికి 50 మి.మీ. లెన్సు బిగించారు. అప్పటినుంచీ యాభై అంటే స్టాండర్డు అనే లెక్క స్థిరపడిపోయింది.

చవక కావడానికీ కారణం వుంది. అద్దం లోపల పైకీ కిందికీ ఆడే కెమేరాలలో లెన్సుకూ ఫిలింకూ మధ్య ఖాళీ వదలాలి. కెనన్ వారి కెమేరాలలో లెన్సు బిగించే అంచునుంచి ఫిలిందాకా 44 మి.మీ., నికాన్‌లో 46.5. అంతకంటె బాగా తక్కువ నాభ్యంతరంగల లెన్సు చెయ్యాలంటే అదనపు గాజుబిళ్లలతో కాంతిని మళ్లించాలి. యాభైకి ఆ తంటా లేదు. 1896లో జైస్ కంపెనీకి చెందిన పాల్ రుడాల్ఫ్ ఆరు గాజుబిళ్లలతో ప్లానార్ అనే లెన్సు గీశాడు. నేటి చవక యాభైలు చాలావరకు ఆ వంశంలోవే. 2015లో వచ్చిన కెనన్ 50 మి.మీ. ఎస్.టి.ఎం. లెన్సులోనూ బిళ్లలు ఆరే. నూరేళ్లకు పైగా నలిగిన నమూనా, కొద్ది గాజు, లక్షలకొద్దీ అమ్మకం - యిక ధర యెందుకు పెరుగుతుంది? ఈ కెనన్ లెన్సు వెల పదివేలకు కాస్త అటూ యిటూగా వుంటుంది. కొండాపూరులో రెండు పడగ్గదుల ఫ్లాటుకిచ్చే నెల అద్దె అంతకంటె యెక్కువే.

అయితే తొందరపడి యాభై కొనెయ్యకండి. అసలు మెలిక యిక్కడే వుంది. కెమేరా అమ్మేవారు చెప్పరు. కొన్న స్నేహితులూ చెప్పరు. మన మధ్యతరగతి యిళ్లలో వుండే కెమేరాలు చాలావాటిలో సెన్సారు ఆ పాత ఫిలిం చట్రమంత వుండదు. నికాన్, సోనీలలో ఒకటిన్నర రెట్లు, కెనన్‌లో 1.6 రెట్లు చిన్నది. సెన్సారు చిన్నదైతే బొమ్మ అంచులు కోసుకుపోతాయి. దాంతో 50 మి.మీ. లెన్సు 75 లేక 80 మి.మీ. లెన్సులాగా ప్రవర్తిస్తుంది. పేరు స్టాండర్డు, నడవడి దుర్భిణీ! ఇలాంటి కెమేరాలకు నిజమైన స్టాండర్డు 35 మి.మీ. దగ్గరిది.

ఈ తేడా కాగితం మీద చిన్నది, గదిలో పెద్దది. నిలబడ్డ మనిషి తలనుంచి పాదందాకా పట్టాలంటే కాస్త చోటు వదిలి ఆరడుగుల మేర కావాలి. కెమేరాను నిలువుగా పట్టుకున్నా సరే, చిన్న సెన్సారు కెమేరాకు 50 మి.మీ. పెడితే మీరు సుమారు పదమూడడుగులు వెనక్కి వెళ్లాలి. 35 పెడితే తొమ్మిది చాలు. సోఫాలో యిద్దరిని అడ్డంగా పట్టాలన్నా అదే లెక్క. పదడుగుల వరసలో కుటుంబమంతా నిలబడితే 35కు పదిహేనడుగులు, 50కి యిరవై ఒకటి పైమాటే. ఇప్పుడు టేపు తీసుకొని మీ పడగ్గది కొలవండి. పదీ పదకొండడుగుల గదిలో మంచమూ బీరువా పోగా నిలబడడానికి మిగిలే దూరం యేడెనిమిది అడుగులు. అక్కడినుంచి 50 మి.మీ. మూడున్నర అడుగుల మేర చూపిస్తుంది. అమ్మమ్మ కనబడితే పాప కాళ్లు పోతాయి. 35 అయితే అయిదడుగులు. యిద్దరూ, వెనక దిండూ, పక్కన మందుల డబ్బాతో సహా వస్తారు. కాబట్టి లెన్సు పేరుప్రతిష్ఠలు చూసి కొనకండి. మీ గది కొలిచి కొనండి.

కొలవడం కూడా బద్ధకమైతే యింకొక వుపాయం వుంది; దమ్మిడీ ఖర్చు లేదు. మీ దగ్గరున్న 18-55 లెన్సుని 35 దగ్గర పెట్టి, తిరగకుండా కాగితపు టేపు అంటించండి. వారంరోజులు అలాగే తీయండి. రెండోవారం 50 దగ్గర అంటించండి. ఏ వారంలో మీ వీపు గోడకు తగిలిందో, యే వారంలో మీకు కావలసినవి చట్రంలో యిమిడాయో మీకే తెలిసిపోతుంది. ఫొటోలు చీకటిగా వచ్చినా ఫరవాలేదు. ఈ పరీక్ష వెలుతురుకి కాదు, దూరానికి. పెళ్లిచూపులవంటిదనుకోండి, యిక్కడ రెండు వారాలు కాపురం చేసి చూసుకునే వీలు కూడా వుంది!

పరీక్ష అయ్యాక యేది కొనాలి? అద్దమున్న నికాన్ చిన్న సెన్సారు కెమేరాలకు 2009లో వచ్చిన 35 మి.మీ. ఎఫ్ 1.8 డి.ఎక్స్. లెన్సు కళ్లు మూసుకొని తీసుకోదగ్గది. బరువు రెండు వందల గ్రాములు. కెనన్ వారికి సరిగ్గా దానికి జోడీ లేదు. 2014లో వచ్చిన 24 మి.మీ. ఎఫ్ 2.8 పలచని అప్పడంలాగుంటుంది, యిరుకు గదికి మంచిది. పాత లెక్కలో అది 38 మి.మీ.తో సమానం. అయితే 1.8తో పోలిస్తే దానికి వెలుతురు సగం కంటె తక్కువ. హాలు పొడుగ్గా వుండి, ముఖాలే ముఖ్యమనుకునేవారు కెనన్ 50 ఎస్.టి.ఎం. తీసుకోవచ్చు. అద్దం లేని కొత్త కెమేరాలలో పెద్ద సెన్సారు గలవాటికి కెనన్ 2020లో తెచ్చిన ఆర్.ఎఫ్. 50 ఎఫ్ 1.8, నికాన్ 2021లో తెచ్చిన జడ్ 40 ఎఫ్ 2, సోనీ 2016లో తెచ్చిన 50 ఎఫ్ 1.8 వున్నాయి. అద్దం లేని చిన్న సెన్సారు కెనన్లకు 2023లో వచ్చిన ఆర్.ఎఫ్. 28 మి.మీ. ఎఫ్ 2.8 స్టాండర్డుకు దగ్గరగా వుంటుంది. ధరలు పండుగకొక రకంగా మారుతుంటాయి గనుక రెండు మూడు చోట్ల అడిగి చూడండి.

సెకండుహ్యాండు కొనడం తప్పేమీ కాదు. కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లేవారు కెమేరాను వెంటబెట్టుకొని వెళ్లాలి. చెప్పుల కొట్టుకు కాలు తీసుకెళ్లకుండా వెళ్తామా? లెన్సు బిగించి, దగ్గరా దూరమూ ఫోకసు పట్టి చూడండి. తరువాత దానిని విప్పి, వెనకనుంచి ఫోను టార్చి వేసి ముందునుంచి చూడండి. దుమ్ము రేణువులు రెండు మూడుంటే యేమీ కాదు. సాలెగూడు పోగుల్లాగ కనిపిస్తే మాత్రం అది బూజు. బేరమాడకుండా తిరిగి యిచ్చెయ్యండి. ద్వారపు రేకుల మీద నూనె మెరుపు వుండకూడదు. ముఖ్యంగా ఒక మాట: నికాన్‌లో ‘డి’ అనే గుర్తుగల పాత 50 మి.మీ. లెన్సు చవగ్గా దొరుకుతుంది, గట్టిది కూడా. అయితే దాని లోపల మోటారు లేదు. డి 3500, డి 5600 వంటి కెమేరాల లోపలా లేదు. రెండింటికీ లేకపోతే ఫోకసు చేత్తో తిప్పుకోవలసిందే. పాకే పాప వెనక చేత్తో ఫోకసు తిప్పడం మనవల్ల కాని పని. కెనన్‌లో 1990 నాటి రెండో రకం యాభై కూడా సెకండుహ్యాండులో కనిపిస్తుంది; బిగించే చోటు ప్లాస్టిక్కు, ఫోకసు చేసేటప్పుడు గుర్రుమంటుంది. ధర బాగా తక్కువైతేనే దాని జోలికి వెళ్లండి.

కొన్న రోజున అందరూ చేసే పని ఒకటుంది. ఎఫ్ 1.8 దాకా తెరిచి, ముఖం దగ్గరకెళ్లి తీస్తారు. ముక్కు స్పష్టంగా, కళ్లు మసకగా వస్తాయి. లెన్సు పాడైందని దిగులుపడతారు. లెన్సు తప్పు కాదు. ద్వారం పెద్దదైతే స్పష్టంగా వుండే మందం తగ్గిపోతుంది. చిన్న సెన్సారు మీద 35 మి.మీ. ఎఫ్ 1.8తో నాలుగడుగులనుంచి తీస్తే ఆ మందం సుమారు మూడున్నర అంగుళాలు. ఏడడుగులకు జరిగితే పదంగుళాలు. అక్కడే ఎఫ్ 2.8కి మూస్తే పదహారు. ఒళ్లో కూర్చున్న పాప ముఖం అమ్మమ్మ ముఖం కంటె ఆరంగుళాలైనా ముందుంటుంది. కనుక యిద్దరూ కావాలంటే వెనక్కి జరగండి, 2.8 పెట్టండి. ఒక్కరే అయితే 2 చాలు. ఫోకసు యెప్పుడూ కెమేరాకు దగ్గరగా వున్న కంటి మీదనే.

లైట్ల కింద తీసేటప్పుడు ఫొటోలో అడ్డంగా నల్లటి చారలు వస్తున్నాయా? మన కరెంటు సెకనుకు యాభై ఆవృత్తులు. చాలా దీపాలు వందసార్లు మినుకుతాయి. మన కంటికి తెలియదు, కెమేరాకు తెలుస్తుంది. షట్టరును సెకనులో వందోవంతు దగ్గరగాని యాభైయోవంతు దగ్గరగాని పెడితే ఆ చారలు చాలావరకు పోతాయి. నెత్తిమీది దీపం కళ్లకింద గుంటలు చూపిస్తుంది. పెద్దవారిని యింకా పెద్దవారిని చేస్తుంది. మనిషిని దీపానికి నేరుగా కింద కాకుండా, దీపం యెదుటినుంచో పక్కనుంచో పడేట్టు కూర్చోబెట్టండి. ఇంతపాటి జాగ్రత్తకు పైసా ఖర్చు లేదు. బతుకమ్మనాడు అపార్టుమెంటు ముంగిట్లో పొద్దుగూకాక ఆడవారు చప్పట్లు చరుస్తూ తిరుగుతుంటారు చూడండి, అక్కడ కూడా యీ లెన్సు తన విలువ చూపిస్తుంది. పూలరంగులు ఫ్లాషుకు వెలవెలబోతాయి. దీపాల వెలుగులో నిండుగా వస్తాయి.

“ఇంత గొడవెందుకు, ఫోనులో పోర్ట్రెయిట్ అని వుందిగా!” అనేవారున్నారు. ఫోనును తీసిపారెయ్యను. కాని దాని ప్రధాన కెమేరా పాత లెక్కలో 24-26 మి.మీ. దగ్గరిది. ముఖం నిండుగా రావాలంటే అడుగు దూరందాకా వెళ్లాలి. అంత దగ్గర్లో చెవికంటె ముక్కు నాలుగైదంగుళాలు ముందుండడం పెద్ద తేడా అయిపోతుంది. ముక్కు వుబ్బి, చెవులు వెనక్కిపోతాయి. ఆరడుగులనుంచి చూస్తే ఆ నాలుగంగుళాలు లెక్కలోకే రావు. మనం మన అత్తగారినీ అమ్మగారినీ చూసేది ఆరడుగుల దూరంనుంచే గాని, ముక్కుకు ముక్కు ఆనించి కాదు గదా! స్టాండర్డు లెన్సు మనలను ఆ మర్యాదగల దూరంలో నిలబెడుతుంది. వెనక మసక కూడా ఫోనులో లెక్కగట్టి పూసినది. ముంగురుల దగ్గర ఆ పూత తేలిపోతుంది. లెన్సుతో వచ్చే మసక కాంతి తనంతట తాను చేసేది.

ఈ మర్యాద సంగతి మన హైదరాబాదుకు కొత్త కాదు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర ఛాయాగ్రాహకుడుగా వుండిన రాజా దీన్‌దయాళ్ (1844-1905) పేరు వినే వుంటారు. ఆయన 1892లో యీ నగరంలో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. దానిని నడిపింది ఒక ఇంగ్లీషు దొరసాని. ఫొటోకు కూర్చునే మనిషికి బెదురు లేకుండా వుండాలి, అప్పుడే ముఖం ముఖంలా వస్తుందని ఆయనకు తెలుసు. పొడుగాటి జూం గురిపెడితే తుపాకి చూసినట్టు బిగుసుకుపోయే పెద్దవారు, గుప్పెట్లో యిమిడే చిన్న లెన్సును పట్టించుకోరు, మాట్లాడుతూనే వుంటారు. ఆ మాటల మధ్యనే తీసెయ్యాలి.

జూం లేకపోతే చెయ్యి విరిగినట్టుండదా అంటారా? కొన్నాళ్లు వుంటుంది. తరువాత కాళ్లు జూం పని చేస్తాయి. కందంలో వుండేవి అరవై నాలుగు మాత్రలే. అయినా “కందం చెప్పినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు” అన్నారు మనవాళ్లు. ఇరుకులో యిమిడించడం నేర్చినవారికి యేది వుంచాలో, యేది వదలాలో తెలుస్తుంది. ఫ్రాన్సు దేశపు కార్తియే బ్రెసాన్ జీవితంలో యెక్కువభాగం లైకాకు యాభై లెన్సు తగిలించుకొని తిరిగాడు. 1948 జనవరి 30న గాంధీ మహాత్ముని హత్యకు కొద్ది గంటల ముందు కలిసి ఫొటోలు తీసినవాడు ఆయనే. జపాను దర్శకుడు ఓజు తన సినిమాలను చాలావరకు యాభై లెన్సుతోనే తీశాడు. అవన్నీ కూతురి పెళ్లి, తండ్రి ఒంటరితనం, చాప మీద కూర్చొని అన్నం తినే మనుషులు. మన యిళ్ల కథలే!

ఇది చెయ్యలేనివి కూడా చెప్పెయ్యాలి. సైబర్ టవర్స్ యెదుట రోడ్డు మీద నిలబడి గుండ్రటి ఆ భవనమంతా పట్టాలంటే యీ లెన్సుతో కష్టం. దుర్గం చెరువు తీగెల వంతెనను 2020 సెప్టెంబరు 25న ప్రారంభించాక సాయంత్రాలు అక్కడ ఫొటోల తిరునాళ్లే; చెరువుగట్టున దగ్గర్లో నిలబడితే వంతెన మొత్తం యిందులో యిమడదు. వాటికి మీ పాత 18-55 వుంది, ఫోనుంది. స్కూలు వార్షికోత్సవంలో వేదిక మీది పిల్లవాణ్ణి వెనకవరస కుర్చీలోంచి పట్టడానికీ యిది పనికిరాదు. అలాంటి అవసరం యేడాదికొకసారి. అమ్మమ్మ పాపకు వుగ్గు పెట్టడం రోజూ వుంటుంది.

చెయ్యి తిరగాలంటే ఆదివారాలు శిల్పారామానికి వెళ్లండి. చేతిపనుల వారి దగ్గర ముందు అనుమతి అడగండి. చెట్లనీడలో వెలుగు మెత్తగా వుంటుంది. మాదాపూరులోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ఫొటో ప్రదర్శనలు వున్నప్పుడు పిల్లలతో వెళ్లి చూడండి. 2015లో మొదలైన ఇండియన్ ఫొటో ఫెస్టివల్ ప్రదర్శనలు అక్కడ జరిగాయి. మంచి ముఖచిత్రం ముందు అయిదు నిమిషాలు నిలబడితే, తీసినవారు యెంత దూరంలో నిలబడి వుంటారో మీరే పోల్చుకోగలుగుతారు.

మా మేనల్లుడు నికాన్‌కు 35 తీసుకున్నాడు. నలభై వేల మాట మరి యెత్తలేదు. వాడికి చెప్పినదే మీకూ చెబుతున్నాను. లెన్సు కొనగా మిగిలిన డబ్బులోంచి కొంచెం తీసి, నెలకొక్క ఫొటో స్టూడియోలో అచ్చు వేయించండి. వేలల్లోంచి ఒకటి యేరేటప్పుడే మనకు కావలసినదేదో తెలుస్తుంది. ఫోనులు మారతాయి, కంప్యూటర్లు చెడతాయి. కాగితం మీద పడ్డ ముఖం బీరువాలో చీరెల మడతల కింద కూడా నిలుస్తుంది. ఆ అచ్చు వెనక పెన్సిలుతో పేరూ తేదీ రాయండి. అన్నిటికంటె ముఖ్యం: ఆ ఫొటోను పెద్దావిడ చేతికి యివ్వండి. గోడకు దండతో వేలాడే ఫొటోను ఆవిడ యెలాగూ చూసుకోలేదు. చూసుకొని, “నేనింత ముసలిదాన్నయిపోయానర్రా!” అని నవ్వుకోవలసిన ఫొటో, ఆవిడ మన మధ్య వుండగానే తియ్యాలి.